మందు వేస్తే మెదడు చల్లారుతుందా?

జంషెడ్‌పూర్‌లో బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఒకసారి రాజేశాక ఏళ్ల తరబడి ఆర్పరు. 1912లో తొలి ఉక్కు దిమ్మ తయారైన ఊరికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. మెదడుదీ అదే తీరు. బరువు శరీరంలో 2 శాతమే. ఖర్చు చేసే శక్తి మాత్రం 20 శాతం దాకా. నిద్రలోనూ ఆ మంట ఆరదు.

స్కిజోఫ్రెనియాకు హలోపెరిడాల్ వాడుతున్న కొడుకు మందకొడిగా కూర్చుంటే తల్లిదండ్రుల్లో తలెత్తే అనుమానం కూడా మంట గురించే: ఈ మాత్రలు మెదడును చల్లార్చేస్తున్నాయా?

ఎలుకలు చెప్పేది కాస్త కలవరపెట్టేదే. 1977లో అమెరికా శాస్త్రవేత్త లూయీ సొకొలాఫ్ బృందం మెదడులో ఏ భాగం ఎంత గ్లూకోజ్ వాడుతోందో కొలిచే పద్ధతిని ప్రకటించింది. దానితో చూస్తే, హలోపెరిడాల్ ఇచ్చిన ఎలుకల మెదడులో చాలాచోట్ల వాడకం తగ్గింది, కొన్నిచోట్ల పెరిగింది. అంటే మొత్తం మంట ఆరలేదు, సర్దుబాటు మారింది. 1993లో మరో సంగతి బయటపడింది. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను ఎలుక మెదడు నుంచి వేరుచేసి పరీక్షిస్తే, హలోపెరిడాల్, క్లోర్‌ప్రోమజిన్ అందులో ఒక కీలక ఎంజైమును అడ్డుకున్నాయి. వణుకు, కండరాల బిగుతు పెద్దగా కలిగించని క్లోజపిన్‌తో అలా జరగాలంటే మోతాదు బాగా పెంచాల్సి వచ్చింది. ఆ దుష్ప్రభావాలకు ప్రధాన కారణం డోపమిన్‌కు అడ్డుపడటమే అయినా, శక్తి కొరత కూడా తోడవుతుందేమోనన్న అనుమానానికి ఇదే మూలం.

అయితే ఎలుక మనిషి కాదు. హలోపెరిడాల్ ఎలుక శరీరం నుంచి గంటల్లో వెళ్లిపోతుంది, మనిషిలో దాదాపు రోజంతా నిలుస్తుంది. అందుకే ప్రయోగాల మోతాదులను చీటీ మీది మోతాదుతో పోల్చడం కుదరదు. పైగా మందకొడితనం మందు వల్లే అనుకోవడానికీ లేదు. అది జబ్బు లక్షణమూ కావచ్చు.

భయపడి మందు మానేస్తే ఏమవుతుందో చెప్పడానికి మాత్రం ఎలుకలు అక్కర్లేదు. 65 పరీక్షలను కలిపి చూసి 2012లో లాన్సెట్ ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఏడాది తిరిగేసరికి మందు వాడుతున్నవారిలో 27 శాతం మందికి జబ్బు తిరగబెట్టగా, ఉత్తుత్తి మాత్రలకు మారినవారిలో ఆ సంఖ్య 64 శాతం.

జంషెడ్‌పూర్‌కు సుమారు 130 కి.మీ. దూరంలో, రాంచీ శివారు కాంకేలో 1918 నుంచీ మానసిక వైద్యశాల ఉంది. ఊళ్లోని డాక్టరు దగ్గరకు వెళ్లినా, అంత దూరం వెళ్లినా కుటుంబం అడగాల్సింది 'మందు ఆపేద్దామా?' అని కాదు. 'తక్కువ మోతాదుతో సరిపోతుందా? మందు మార్చవచ్చా? వణుకు, బిగుతు ఉన్నాయేమో చూశారా?' అని. కొలిమిలో వేడి ఎక్కువైతే తగ్గిస్తారు. తగ్గించాల్సింది మాత్రం పనితెలిసినవాడే.