బ్యాడ్జీని బట్టి న్యాయమా?

‘అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ’ అన్న సామెత మనకి కొత్తేం కాదు. కానీ అది వంటింటి గడప దాటి కార్ల షెడ్డులోకీ వెళ్లింది. కార్లంటే పిచ్చి ఉన్న నలుగురు మగవాళ్లు కలిసినప్పుడు వాళ్ల కబుర్లు వినండి, మీకే తెలుస్తుంది. అభిమాన హీరోల గురించి వాదించుకున్నట్టే ఉంటుంది.

2010లో టాటా నానో కార్లు కొన్ని నిప్పంటుకున్నాయి. ‘చవగ్గా వస్తే ఇంతే’ అని నవ్వారు. అదే ఏడాది కోట్ల ఖరీదు చేసే ఫెరారీ 458 ఇటాలియా కార్లూ కొన్ని కాలిపోయాయి. చక్రాల దగ్గర వాడిన జిగురు వేడికి అంటుకుంటోందని కంపెనీయే వాటిని వెనక్కి పిలిపించింది. దానికి మాత్రం ‘అంత పవరున్న బండి, వేడెక్కదూ!’ అని సర్దిచెప్పేవారు దొరుకుతారు. పేరున్న షాపు చీర రంగు పోతే ఉతికినవాళ్ల తప్పు, సంతలో కొన్న చీర రంగు పోతే చీర తప్పు అన్నట్టు!

2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్మే ఐదు చిన్న కార్లని ఢీకొట్టించి పరీక్షించింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. ఎయిర్‌బ్యాగులు లేని ఆ ఐదింటికీ పెద్దల రక్షణలో సున్నా స్టార్లే. ఫిగో, పోలోల బాడీ గట్టిగా నిలబడిన మాట నిజమే. కానీ ఎయిర్‌బ్యాగు లేనప్పుడు ఆ గట్టిదనం ఒక్కటే ప్రాణం కాపాడదని ఆ సున్నాయే చెప్పింది. రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకి 4 స్టార్లు వచ్చాయి. అయినా కబుర్లలో ఆల్టో ‘రేకు డబ్బా’గానే మిగిలింది, పోలో ‘జర్మన్ ఉక్కు’గానే మిగిలింది. 2015లో ఆ జర్మన్ కంపెనీ ఫోక్స్‌వ్యాగనే డీజిల్ కార్లలో పొగ పరీక్షని ఏమార్చే సాఫ్ట్‌వేర్ పెట్టిందని బయటపడితే, ‘అందరూ చేసేదేలే’ అన్నవారూ ఉన్నారు.

ఇంకో వింత చూడండి. 2019లో మారుతి బాలెనోనే టయోటా కంపెనీ గ్లాంజా పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. బొట్టు మార్చి పంపిన పెళ్లికూతురే! వారంటీలో, సర్వీసులో తేడా ఉంటే లెక్కేసుకోవాల్సిందే. కానీ ఒకే కారులో ఒక బ్యాడ్జీ ఉంటే ‘నమ్మకం’, ఇంకోటి ఉంటే ‘తేలిక’ ఎలా అవుతుంది?

మనకి సూటిగా తగిలేది ఇంకోటుంది. 2014లో సెలేరియోతో మధ్యతరగతికి అందే ధరలో ఆటోమేటిక్ గేర్లు వచ్చాయి. వెంటనే ‘ఆడవాళ్ల కారు’ అని పేరు పెట్టేశారు. మెర్సిడెస్‌లో ఉండేవీ ఆటోమేటిక్ గేర్లే కదా? అక్కడ మాత్రం అది హోదా!

మగవాళ్ల కాలక్షేపం, మనకెందుకని ఊరుకుంటే నష్టపోయేది మనమే. ఐదేళ్లో ఏడేళ్లో కట్టే వాయిదా తెగేది ఇంటి ఖర్చులోంచే. వెనక సీట్లో పిల్లలతో కూర్చునేదీ ఎక్కువగా మనమే. ఉక్కు మందం గురించి గంటలు వాదించే మనిషి, వెనక సీటు బెల్టు పెట్టుకోమంటే విసుక్కోవడం చూడటం లేదూ?

అందుకే కారు కొనే మాట వచ్చినప్పుడు కాఫీ కప్పులు అందించి లోపలికి వెళ్లిపోకండి. అక్కడే కూర్చోండి. ఏ కంపెనీ అయినా సరే, అవే ప్రశ్నలు అడగండి. ఎయిర్‌బ్యాగులెన్ని? వెనక మధ్య సీటుకి కూడా భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా? సర్వీసు సెంటరు మన ఊళ్లో ఉందా? 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు జరుగుతున్నాయి. ఆ స్టార్లు మనం కొనబోయే మోడల్‌కే వచ్చాయా, దాని అన్నకో తమ్ముడికో వచ్చాయా అనీ అడగండి. జవాబులు కాగితం మీద రాసి పక్కపక్కన పెట్టాక, ఏ బ్యాడ్జీ కావాలో అప్పుడు మాట్లాడుకోవచ్చు.