ఆ ఐదారు ఆదివారాలు

పోయిన ఏడాది అక్టోబరులో మా చెల్లి నోటుపుస్తకం అనుకోకుండా నా చేతికి వచ్చింది. అప్పుడు తను ఐదో తరగతి. "సెలవుల్లో నేను చూసిన ప్రదేశం" అనే అంశం మీద పది వాక్యాలు రాయమన్నారట. చెల్లి కుతుబ్ మీనార్ గురించి రాసింది. ఎత్తు సుమారు 73 మీటర్లు, ఎర్రరాతి కట్టడం, ఢిల్లీలో ఉంది... అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరి వాక్యం మాత్రం ఇలా ఉంది: "నాన్న చెయ్యి పట్టుకుని పైదాకా ఎక్కి ఊరంతా చూశాను." దాని కింద టీచరు గారు ఎర్ర సిరాతో ఒక చిన్న ప్రశ్న వేశారు: "లోపలికి ఎవరినీ ఎక్కనివ్వరు కదా?"

నిజమే. 1981లో ఆ మీనార్ లోపలి మెట్ల మీద తొక్కిసలాట జరిగి చాలామంది చనిపోయారు. అందులో బడి పిల్లలే ఎక్కువ. అప్పటినుంచి సందర్శకులను లోపలికి పంపడం లేదు. ఆ సంగతి చెల్లికి తెలియదు. తెలియకపోవడానికి కారణం, మేము కుతుబ్ మీనార్‌కు ఎప్పుడూ వెళ్ళలేదు. నాన్నకు బదిలీ అయి విశాఖపట్నం నుంచి ఢిల్లీ వచ్చి అప్పటికి మూడేళ్ళు.

"అబద్ధం ఎందుకు రాశావే?" అని అడిగాను. చెల్లి తల వంచుకుని, "నిజం రాస్తే పది వాక్యాలు రావు అక్కా" అంది.

ఆ మాట నాన్న విన్నారు. పుస్తకం తీసుకుని చివరి వాక్యం రెండుసార్లు చదివారు. ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు కూడా ఎక్కువ మాట్లాడలేదు.

మిత్రులారా, ఇది మా ఒక్క ఇంటి కథ కాదని నా నమ్మకం. మన బడిలో చాలామందిమి బదిలీల మీద ఊళ్ళు మారే పిల్లలమే. ఎక్కడికి వెళ్ళినా ఇల్లు, బడి, ట్యూషన్, నెలకోసారి షాపింగ్ మాల్. అంతటితో ఆ ఊరు అయిపోతుంది. మళ్ళీ బదిలీ వస్తుంది. ఢిల్లీలో నాలుగేళ్ళు ఉన్నామని జీవితాంతం చెప్పుకుంటాం కానీ, ఢిల్లీ మాత్రం మనకు తెలియదు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఏడాది పొడవునా కాకపోయినా, శరదృతువులో వచ్చే ఐదారు ఆదివారాలను ప్రతి కుటుంబమూ తన కోసం ఉంచుకోవాలి. ట్యూషన్‌కు గానీ, పెండింగ్ పనులకు గానీ ఇవ్వకూడదు.

శరదృతువే ఎందుకంటే, ఢిల్లీ వాతావరణం తెలిసినవారికి వేరే చెప్పక్కర్లేదు. మే, జూన్ నెలల్లో ఎండకు బయట అడుగు పెట్టలేం. సాధారణంగా సెప్టెంబరు 25 ప్రాంతంలో రుతుపవనాలు ఇక్కడి నుంచి వెనక్కి మళ్ళుతాయి. ఆకాశం కడిగినట్టు ఉంటుంది. సాయంత్రం వీధుల్లో సప్తపర్ణి పూల వాసన గుప్పుమంటుంది. కానీ దీపావళి వచ్చేసరికి పొగ, దుమ్ము మొదలవుతాయి. గాలి కదలక అవి నేల మీదే నిలిచిపోతాయి. ఇక పిల్లల్ని బయట ఆడుకోవద్దని పెద్దలే అంటారు. అంటే మనకు దొరికేది నిండా రెండు నెలలు కూడా కాదు. ఆ కొద్ది రోజులూ గదిలో కూర్చుని పోగొట్టుకుంటే మళ్ళీ ఏడాది ఆగాలి.

ఈ ఏడాది మేము అలా పోగొట్టుకోలేదు. ఒక ఆదివారానికి ఒకే చోటు, ఎక్కడికి వెళ్ళాలో చెల్లే నిర్ణయించాలి అని నియమం పెట్టుకున్నాం.

మొదట జంతు ప్రదర్శనశాలకు వెళ్ళాం. పులిని చూద్దామని బయల్దేరి చెరువు దగ్గర ఆగిపోయాం. చెరువు మధ్యలోని చెట్ల నిండా తెల్లటి పెద్ద కొంగలు. పసుపు ముక్కు, రెక్కల మీద నల్లచారలు, తోక దగ్గర గులాబీ రంగు. అవి బోనులోని పక్షులు కావు. ఏటా వానలు తగ్గే వేళకు తమంతట తాము వచ్చి గూళ్ళు కట్టుకునేవి. కొన్ని గూళ్ళలో పిల్లలున్నాయి. వాటి మీద ఎండ పడకుండా తల్లి పక్షి రెక్కలు గొడుగులా చాపి నిలబడింది. నాన్న వాటిని చూసి, "ఇవి మన తేలినీలాపురం కొంగలేనమ్మా! మా చిన్నప్పుడు చెట్ల మీద గూళ్ళు కట్టేవి. ఊళ్ళో ఎవరూ వాటి జోలికి పోయేవారు కాదు" అన్నారు. తేలినీలాపురం శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర ఉంది. నాన్న పెరిగింది ఆ పక్క ఊళ్ళోనే. ఢిల్లీ చెరువు గట్టున నిలబడి నాన్న తన చిన్నతనం గురించి గంటసేపు చెప్పారు. అవన్నీ నేను మొదటిసారి విన్నాను.

తర్వాతి వారం లోధీ గార్డెన్. టికెట్టు లేదు. ఏడో తరగతిలో మార్కుల కోసం బట్టీ పట్టిన సయ్యద్, లోధీ సుల్తానుల కాలపు సమాధులు అక్కడ గడ్డి మధ్యలో ఉన్నాయి. కొన్నింటికి ఎనిమిది భుజాలు, కొన్నింటికి నాలుగే ఉన్నాయని చెల్లి చుట్టూ తిరిగి లెక్కపెట్టి చెప్పింది. నేను పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఆ తేడా గమనించలేదు.

ఒక ఆదివారం గాలి బాగాలేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి 'సమీర్' యాప్‌లో వాయు నాణ్యత సూచీ 300 దాటింది. ఆ రోజు నేషనల్ మ్యూజియంకు వెళ్ళాం. మొహెంజొదారో నర్తకి బొమ్మ ముందు చెల్లి, "ఇంతేనా?" అంది. పాఠ్యపుస్తకంలో పేజీ నిండా కనిపించే ఆ కంచు బొమ్మ ఎత్తు పదిన్నర సెంటీమీటర్లే. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన బొమ్మ అరచేతిలో పట్టేటంత ఉంటుందని ఏ పాఠమూ మాకు తెలియజేయలేదు. మరో గదిలో మన నాగార్జునకొండ శిల్పాలు కనిపించాయి. అమ్మ వాటి ముందు చాలాసేపు నిలబడింది.

అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. మొదటి ఆదివారం అమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేచి పులిహోర, పూరీలు, కూర చేసింది. సాయంత్రం వచ్చాక గిన్నెలు కూడా తనే కడిగింది. ముగ్గురికి సెలవు, ఒకరికి రెట్టింపు చాకిరీ! దాన్ని కుటుంబ విహారం అనకూడదు. రెండో వారం నుంచి పనులు పంచుకున్నాం. పులిహోర నాన్న కలిపారు, పండ్లు నేను కోశాను, నీళ్ళ సీసాలు చెల్లి నింపింది. పోపులో ఆవాలు కాస్త మాడాయి. ఎవరూ పట్టించుకోలేదు.

"పదకొండో తరగతి చదువుతూ షికార్లేమిటి?" అని కొందరు అడగవచ్చు. నేనూ మొదట అలాగే భయపడ్డాను. పొద్దున ఏడింటికి బయల్దేరితే మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేస్తాం. మిగతా సగం రోజు చదువుకోవచ్చు. నిజం చెప్పాలంటే, అంతకుముందు ఆదివారాలు నేను పుస్తకం ముందు కూర్చున్నా చేతిలో ఉండేది ఫోనే. డబ్బు సంగతికి వస్తే, మెట్రో ఛార్జీ, చిన్న టికెట్లు కలిపినా మాల్‌లో నలుగురం ఒక పూట తినే ఖర్చు కాలేదు.

అందరికీ ఆదివారం సెలవు ఉండదని కూడా నాకు తెలుసు. నా స్నేహితురాలి నాన్నగారికి ఆదివారమే ఎక్కువ పని. అలాంటి ఇల్లు మన పక్కనే ఉంటే, ఆ పిల్లల్ని కూడా మనతో తీసుకెళ్ళవచ్చు. లోధీ గార్డెన్‌కు తను మాతోనే వచ్చింది.

నిజానికి ఇవేవీ మనకు కొత్త కాదు. కార్తీకమాసంలో వనభోజనాలు మన పెద్దలు పెట్టిన అలవాటే కదా! ఉసిరిచెట్టు కింద ఆకులు వేసుకుని, ఇరుగుపొరుగుతో కలిసి తినడం. మా అమ్మమ్మ ఫోన్‌లో, "కార్తీకం రానీయండి, అప్పుడు వెళ్దురు గాని" అంది. ఢిల్లీలో కార్తీకం వచ్చేసరికి గాలి పాడవుతుందని అమ్మ చెప్పింది. అమ్మమ్మ కాసేపు ఆలోచించి, "అయితే ఆశ్వయుజంలోనే తినండి. దేవుడేమీ అనుకోడులే" అంది. మేము అలాగే చేశాం.

మన ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఈ రోజుల్లో కనీసం రెండు ఆదివారాలకు హోంవర్క్ ఇవ్వకండి. దానికి బదులు, ఇంట్లోవాళ్ళతో వెళ్ళి చూసినదాని గురించి ఒక్క పేరా రాయమనండి. తల్లిదండ్రులకు కూడా ఒక విన్నపం. ఒక్క రోజులో నాలుగు ప్రదేశాలు చూపించాలని పరుగులు పెట్టకండి. ఫోటోలు మిగులుతాయి తప్ప ఏమీ గుర్తుండదు.

చివరి ఆదివారం చెల్లి కుతుబ్ మీనార్ అంది. వెళ్ళాం. లోపలికి వెళ్ళే తలుపు మూసే ఉంది. నాన్న చెల్లి చెయ్యి పట్టుకున్నారు. నలుగురం కింద నిలబడి, మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూశాం. ఇంటికి రాగానే చెల్లి ఎవరూ అడగకుండానే నోటుపుస్తకం తీసింది. ఈసారి పది వాక్యాలు దాటాయి.