రిజిస్టరులో ‘పరిష్కారం’ అన్న గడి

వార్షిక నివేదిక రాయడానికి కూర్చున్న ప్రతిసారీ నేను ముందు అంకెలు కూడతాను. ఎన్ని సమావేశాలు, ఎన్ని ఫిర్యాదులు, ఎన్ని పరిష్కారమయ్యాయి. ఈసారీ వారాసిగూడలో ఒక సభ్యురాలి ఇంట్లో రిజిస్టరు ముందేసుకుని ఆ పనే మొదలుపెట్టాను. రెండేళ్ల కిందట ‘పరిష్కారం’ అని నేనే రాసిన ఒక పేరు దగ్గర చెయ్యి ఆగింది. ఇక కొట్టనని భర్త కాగితం మీద సంతకం పెట్టాడు, ఆమె కాపురానికి వెళ్లింది, మేం కేసు మూసేశాం. మొన్న విరిగిన చేతితో మళ్లీ వచ్చింది. “మళ్ల రానీకి సిగ్గయింది అక్కా, అప్పుడు మీరందరు ఖుషీ అయిన్రు గద” అంది.

ఆమెను రాజీకి ఒప్పించింది మేమే.

పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి కమిటీ ఏటా నివేదిక ఇవ్వాలి: వచ్చిన ఫిర్యాదులెన్ని, తేల్చినవెన్ని, 90 రోజులు దాటినా తేలనివెన్ని, వర్క్‌షాపులెన్ని. ఫిర్యాదులు సున్నా అని రాసే సంస్థ దాన్ని గొప్పగానే చెప్పుకుంటుంది. నోరు విప్పడానికి భయపడ్డ స్త్రీలకు ఆ నివేదికలో గడి లేదు. దీని మీద మనం యాజమాన్యాలను నిలదీస్తూనే ఉన్నాం. మరి మన రిజిస్టరులో ఉందా? నిధులిచ్చేవాళ్లు అంకెలే అడుగుతారన్నది నిజమే గానీ, ఆ సాకు చాటున నేను చాలాకాలమే దాక్కున్నాను.

1978లో నల్లకుంట పోలీసు స్టేషన్‌లో రమీజాబీపై అత్యాచారం జరిగింది, ఆమె భర్తను కొట్టి చంపారు. ముక్తదర్ కమిషన్ పోలీసుల తప్పు తేల్చింది. విచారణ కర్ణాటకకు మారింది, నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. మన లెక్కలో అది ఓడిన కేసు. కానీ స్త్రీశక్తి సంఘటన పుట్టింది ఆ రోజుల్లోనే. మథుర, రమీజాబీల కేసులు రేపిన ఆందోళన తర్వాతే 1983లో అత్యాచార చట్టం మారింది. దానివల్ల రమీజాబీకి ఏం దక్కిందని ఎవరైనా అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ఈ ఏటి నివేదికలో ‘పరిష్కారం’ అన్న మాట తీసేస్తున్నాం. ఆమె ఏం కోరి వచ్చింది, ఆరు నెలల తర్వాత ఎలా ఉంది, ఇవి రాస్తాం. కార్యవర్గంలో ఇద్దరు ఒప్పుకోలేదు. మన వైఫల్యాలు మనమే అచ్చేస్తే కులపెద్దలూ పోలీసులూ వాటినే మన మీదికి విసురుతారంటారు. ఉత్త భయమేం కాదది. అయినా పాత కేసుల స్త్రీలను, వాళ్లు చెప్పిన చోటికే వెళ్లి, ఒక్కొక్కరినీ కలుస్తున్నాం. కొందరు మాతో మాట్లాడటానికి ఇష్టపడలేదు. అదీ రాసుకున్నాం.