ఫ్యాషన్ పోటీల్లో కుట్టే చేతికి కూలి, గీసిన చేతికి హక్కు కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి, కేంద్ర కార్మిక శాఖ మంత్రి గారికి, తెలుగు టీవీ ఛానళ్ల, ఓటీటీ సంస్థల యాజమాన్యాలకు, రియాలిటీ షోలు తీసే నిర్మాతలకు

విషయం: ఫ్యాషన్ రంగం మీద తీసే రియాలిటీ పోటీల్లో పాల్గొనేవారి వేతనం, డిజైన్ల మీద హక్కు, తెర వెనుక పనిచేసేవారి గుర్తింపు గురించి.

అయ్యా, అమ్మా,

మేము హైదరాబాద్, విజయవాడ బొటీకుల్లో, టైలరింగ్ షాపుల్లో పనిచేసే కటింగ్ మాస్టర్లం, దర్జీలం, మగ్గం వర్క్ చేసేవాళ్లం. ఫ్యాషన్ డిజైన్ చదువుతున్న పిల్లలు కూడా మాతోపాటు ఈ కాగితం మీద సంతకాలు పెట్టారు. ఈ పోటీలు వద్దని చెప్పడానికి మేము రాలేదు. దాచుకోవడం ఎందుకు, మాలో చాలామందిమి వాటిని కళ్లప్పగించి చూసేవాళ్లమే. చెయ్యి ఎక్కించడంలో ముడత ఎందుకు పడింది, డార్ట్ ఎక్కడ తప్పింది అని గంటసేపు మాట్లాడే కార్యక్రమం టీవీలో ఇంకెక్కడుంది? మా పనికి ఆ మాత్రం పెద్దరికం తెచ్చింది ఈ పోటీలే. ఆ పెద్దరికం పని చేసేవాళ్ల జేబుదాకా, పేరుదాకా ఎందుకు రావడం లేదన్నదే మా ప్రశ్న.

తెలుగు ఛానళ్లలో పాటల పోటీలు, డ్యాన్సు పోటీలు పాతబడ్డాయి. 2021లో మాస్టర్‌చెఫ్ లాంటి విదేశీ ఫార్మాట్ కూడా తెలుగు వేషం కట్టింది. ఫ్యాషన్ పోటీ మన దేశానికి కొత్తేమీ కాదు. ఎంటీవీ 2015లోనే 'ఇండియాస్ నెక్స్ట్ టాప్ మోడల్'ని ముంబయికి తెచ్చింది. రేపు తెలుగులోకీ రావచ్చు. వచ్చేటప్పుడు సెట్టు, సంగీతం, జడ్జీల కుర్చీలతోపాటు విదేశీ ఒప్పందాలూ వస్తాయి. ఇంగ్లిషులో పదుల పేజీలుండే ఆ కాగితాల మీద ఇరవై రెండేళ్ల పిల్ల సంతకం పెట్టేశాక మొత్తుకుని లాభం లేదు. అందుకే ముందుగా వచ్చాం.

అమెరికాలో జరిగిందేమిటో చూద్దాం. 'ప్రాజెక్ట్ రన్‌వే' 2004 డిసెంబరులో బ్రావో ఛానల్లో మొదలైంది. హైడీ క్లమ్ యాంకర్. పార్సన్స్ డిజైన్ స్కూల్ నుంచి వచ్చిన టిమ్ గన్ పోటీదారులకు గురువు. మొదటి పరీక్షకే వాళ్లను కిరాణా దుకాణానికి పంపి, అక్కడ దొరికే వాటితో బట్టలు చేయమన్నారు. ఆస్టిన్ స్కార్లెట్ అనే కుర్రాడు మొక్కజొన్న పొత్తుల మీది ఆకులతో గౌను చేసి ఆ పరీక్ష గెలిచాడు. అది చూసి చేతులెత్తి దండం పెట్టని దర్జీ ఉండడు. ఆ సీజన్ మొత్తం మీద గెలిచింది జే మెక్‌కారల్. బహుమతి లక్ష డాలర్లు. ఆయన ఆ డబ్బు తీసుకోలేదు. అతని భవిష్యత్ సంపాదనలో, వ్యాపారంలో 10 శాతం నిర్మాతలకు దక్కాలన్న షరతు ఒప్పందంలో ఉండటమే కారణమని అప్పట్లో పత్రికలు రాశాయి. లక్ష డాలర్లు వదులుకున్న మనిషి పిచ్చివాడేమీ కాదు. లెక్క తెలిసినవాడు. మన పిల్లల్లో ఎంతమందికి ఆ లెక్క చెప్పేవాళ్లున్నారు?

కాబట్టి మా మొదటి డిమాండు: పోటీ ముగిశాక పోటీదారు చేసుకునే వ్యాపారంలో, పెట్టుకునే బ్రాండులో, తెచ్చుకునే ఉద్యోగంలో నిర్మాణ సంస్థకు ఏ రూపంలోనూ వాటా ఉండకూడదు. బహుమతి బహుమతిగానే ఇవ్వండి, పెట్టుబడి అనుకోకండి.

రెండోది కూలి. ఇది చెప్పడానికి మాకు మొహమాటం లేదు. పొద్దున్నుంచి అర్ధరాత్రిదాకా మిషను మీద వంగి కుట్టిన మనిషిని 'పాల్గొన్న వ్యక్తి' అంటారు. కెమెరా పట్టుకున్నవాడికి రోజుకూలి, లైట్లు మోసినవాడికి బేటా, షో నిలబడింది ఎవరి పని మీదో వాళ్లకు మాత్రం 'అవకాశం'! అవకాశంతో ఇంటి అద్దె కట్టలేం. ఇలాంటి షోల్లో పాల్గొనేవారిని ఉద్యోగులుగా లెక్కపెట్టకపోవడం అమెరికాలోనూ ఆనవాయితీ. అక్కడా ఆ గోడకు పగులు వచ్చింది. 2024 డిసెంబరులో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం ఒకటి 'లవ్ ఈజ్ బ్లైండ్' అనే షో నిర్మాతల మీద ఫిర్యాదు దాఖలు చేసి, అందులో పాల్గొన్నవాళ్లు ఉద్యోగులేనని వాదించింది. అది పెళ్లిచూపుల షో. కూర్చుని మాట్లాడటమే పని అయినప్పుడు, గౌను కుట్టడం పని కాకుండా ఎలా పోతుంది?

మన దగ్గర పార్లమెంటు 2020లో ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో 'ఆడియో విజువల్ వర్కర్' అన్న నిర్వచనం ఉంది. నటులు, గాయకులు, యాంకర్లు, వార్తలు చదివేవారు, డ్యాన్సర్లు అందులో కనిపిస్తారు. రియాలిటీ షో పోటీదారు అన్న మాట కనిపించదు. కార్మిక శాఖ మంత్రి గారు ఆ మాటను నిబంధనల్లో స్పష్టంగా చేర్పించాలి. షూటింగులో ఉన్న ప్రతి రోజుకూ రోజుకూలి, ఎనిమిది గంటలు దాటితే రెట్టింపు, సూది దిగినా కత్తెర కోసుకున్నా ఇస్త్రీపెట్టె కాల్చినా వైద్య ఖర్చు నిర్మాతదే అని రాయాలి.

డిజైన్ హక్కు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇందులో పిల్లలకు తెలియని గొయ్యి ఒకటుంది. మన 2000 సంవత్సరపు డిజైన్ల చట్టం ప్రకారం అప్పటికే లోకానికి వెల్లడైన డిజైను కొత్తది కాదు, దాన్ని రిజిస్టరు చేయరు. అంటే ఒక అమ్మాయి కొత్తరకం పల్లూ కట్టునో, జాకెట్టు కటింగునో పోటీలో చూపించి, అది ప్రసారమయ్యాక రిజిస్ట్రేషనుకు పోతే తలుపులు మూసుకుని ఉంటాయి. పోనీ కాపీరైటు ఉందనుకుందామా? రిజిస్టరు చేయదగినది అయివుండి చేయించని డిజైనును హక్కుదారుగానీ, ఆ హక్కుదారు అనుమతితో ఇంకొకరుగానీ పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి తయారు చేస్తే, దాని మీద కాపీరైటు పోతుందని కాపీరైటు చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. ఆ అమ్మాయి తన బట్టను తానే అమ్మడం మొదలుపెట్టినా, స్పాన్సరుకు అనుమతిచ్చినా, 50 అనేది ఒక్క పూట ఉత్పత్తి. 50 అనేది ఒక్క పూట ఉత్పత్తి. తనదే అయిన డిజైను తన కళ్ల ముందే ఊరందరిదీ అయిపోతుంటే ఆ అమ్మాయి చేయగలిగింది ఏమీ ఉండదు.

కనుక ఎపిసోడు ప్రసారం కాకముందే, పోటీదారు కోరిన ప్రతి డిజైనుకూ నిర్మాత ఖర్చుతో, పోటీదారు పేరు మీదే రిజిస్ట్రేషను దరఖాస్తు దాఖలు చేయాలి. ప్రసారం చేసుకునే హక్కు ఛానల్‌ది. బట్ట, కాగితం మీద గీత, కత్తిరించిన ప్యాటర్న్ పోటీదారువి. స్పాన్సరు ఆ డిజైనును షాపులో అమ్ముకోదలిస్తే అమ్మిన ప్రతి పీసు మీదా రాయల్టీ చెల్లించాలి.

ఇప్పుడు మాకు అన్నిటికంటే కడుపుమంట కలిగించే విషయం. ప్రాజెక్ట్ రన్‌వేలో ఎవరి బట్ట వాళ్లే కుట్టుకోవాలన్నది నియమం. 2006లో మూడో సీజన్ చివర జెఫ్రీ సెబీలియా అనే పోటీదారు బయట కుట్టించాడని తోటివాళ్లు అనుమానపడ్డారు. విచారణ జరిపి, తప్పు చేయలేదని తేల్చారు. గెలిచింది కూడా ఆయనే. మరి అదే హైడీ క్లమ్, అదే టిమ్ గన్ 2020లో అమెజాన్ కోసం 'మేకింగ్ ద కట్' తీసినప్పుడు పద్ధతి మారింది. డిజైనర్లు పగలు కొంత పని చేసి, సూచనలు రాసి పెట్టి వెళ్లి పడుకుంటారు. రాత్రి కుట్టేవాళ్లు వచ్చి పని పూర్తి చేస్తారు. తెల్లారేసరికి బట్ట బొమ్మకు తొడిగి ఉంటుంది. 10 లక్షల డాలర్ల బహుమతి డిజైనర్‌ది. ఎపిసోడులో గెలిచిన బట్ట అమెజాన్‌లో అమ్మకానికి పోయింది. రాత్రంతా కూర్చున్న ఆ చేతుల గురించి చూసేవాడికి తెలిసేది చాలా తక్కువ. ఒక షోలో బయటి కుట్టు నేరం, ఇంకో షోలో అదే కుట్టు సౌకర్యం. రెండింటిలోనూ కుట్టినవాడికి పేరు లేదు.

బొటీకుల్లో మా బతుకూ ఇదే. పెళ్లికూతురి బ్లౌజు ఫొటో కింద బొటీకు పేరు, డిజైనర్ పేరు, ఫొటోగ్రాఫర్ పేరు, మేకప్ చేసినవారి పేరు ఉంటాయి. చేతుల నిండా జర్దోసి, కుందన్లు పెట్టి రోజులతరబడి మగ్గం ముందు కూర్చున్నవాడి పేరు ఉండదు. అందుకే అడుగుతున్నాం: ప్రతి ఎపిసోడు చివర, ఆ బట్టలు కత్తిరించిన మాస్టర్, కుట్టిన దర్జీ, వర్క్ చేసినవారి పేర్లు తెర మీద చదవగలిగే వేగంతో రావాలి. రాత్రి షిఫ్టు పెడితే రాత్రి కూలి ఇవ్వాలి, ఆడవాళ్లకు ఇంటికి బండి ఏర్పాటు చేయాలి.

గడువుల గురించి జడ్జీలకు ఒక మాట. ఒక్క రోజులో గౌను అంటే వినడానికి రంజుగానే ఉంటుంది. ఏటవాలుగా కోసిన బట్టను, అదే మీరు బయాస్ అంటారే, కుట్టగానే అంచు మడవకూడదు. కనీసం ఒక రాత్రి వేలాడదీయాలి. బట్ట తన బరువుకు తానే కిందికి సాగుతుంది, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. సాగాక కొలిచి అంచు కోస్తేనే నేలకు సమంగా నిలుస్తుంది. ఒక్క రోజు గడువులో ఆ రాత్రి ఎక్కడిది? పోటీదారు గ్లూ గన్‌తో అంచు అతికిస్తాడు, ర్యాంపు మీద అది ఊడుతుంది, జడ్జీలు 'ఫినిషింగ్ లేదు' అని ఇంటికి పంపిస్తారు. గడువు పెట్టిన తప్పుకు శిక్ష కుట్టినవాడికి పడుతుంది. పోటీ పరీక్షలు రూపొందించే బృందంలో పని తెలిసిన మాస్టర్ ఒకరు తప్పక ఉండాలి.

చేనేత బట్ట వాడితే ఇంకో షరతు. పోచంపల్లి ఇకత్‌లో రంగు బట్ట మీద కాదు, నేయకముందే నూలు మీద పడుతుంది. నూలును ఆసు పోసి, గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు ముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచుతారు. అందుకే అసలు ఇకత్‌కు రెండువైపులా రంగు ఒకేలా ఉంటుంది. అచ్చు వేసిన నకిలీని తిప్పి చూస్తే వెనక వెలిసిపోయి కనిపిస్తుంది. 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చిన నేత అది. మీ షోలో అచ్చు గుడ్డను ఇకత్ అనకండి. అసలుది వాడితే నేసిన ఊరు, నేసిన మనిషి పేరు చెప్పండి, మార్కెట్ ధర చెల్లించండి. 'ప్రచారం వస్తుంది కదా, ఉచితంగా పంపండి' అన్న మాట ఎత్తవద్దు.

మోడళ్ల పోటీల విషయంలో మాకంటే ఎక్కువ చెప్పగలవాళ్లు ఉన్నారు కాబట్టి క్లుప్తంగా ముగిస్తాం. 'అమెరికాస్ నెక్స్ట్ టాప్ మోడల్' 2006లో ఒక పోటీదారును పళ్ల మధ్య సందు మూయించుకోమని ఒత్తిడి చేసింది. అదే షో 2010లో ఇంకొక అమ్మాయికి ఉన్న సందును పెద్దది చేయించింది. 2005లో ఫొటోల కోసం పోటీదారుల జాతినే మార్చి, ఒంటికి వేరే రంగు పులిమింది. అప్పటి కొన్ని నిర్ణయాలు సరైనవి కావని ఆ షో నడిపిన టైరా బ్యాంక్స్ స్వయంగా 2020లో ఒప్పుకున్నారు. ఒంటి రంగు, పళ్లు, బరువు, జుట్టు మీద పోటీదారు రాతపూర్వకంగా ఒప్పుకోని ఏ మార్పూ చేయకూడదు. ఒప్పుకోలేదని పోటీ నుంచి తీసేయకూడదు.

అదే 2006లో ఆ షోలో గంటలకొద్దీ ఫుటేజీని కథగా కూర్చే 12 మంది, తమకు రచయితల సంఘం గుర్తింపు కావాలని సమ్మె చేశారు. వాళ్లు లేకుండానే షో నడిచిపోయింది. ఇది స్క్రిప్టు లేని షో అని చెప్పుకునేవాళ్లకు కథ కూర్చేవాళ్లు పన్నెండు మంది ఎందుకో మాకు అర్థం కాలేదు! ఒకచోట అన్న మాటను ఇంకోచోట అతికించి పిల్లను గయ్యాళిగా చూపిస్తే ఆమె ఊళ్లో తలెత్తుకుని తిరగాలి కదా. తన ఎపిసోడును ప్రసారానికి ముందు చూసి, అతికించిన మాటలకు అభ్యంతరం చెప్పే హక్కు ఇవ్వండి. బ్రిటన్‌లో ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2021 ఏప్రిల్ నుంచి, కార్యక్రమాల్లో పాల్గొనేవారి క్షేమం చూడాల్సిన బాధ్యత ఛానళ్ల మీద పెట్టింది. మన సమాచార, ప్రసార శాఖ అలాంటి నియమావళి తేవడానికి ఆలస్యం దేనికి?

గోప్యత షరతుకూ హద్దు కావాలి. ఛానల్ మార్పు మీద కోర్టు గొడవ వల్ల 2008లో చిత్రీకరించిన ప్రాజెక్ట్ రన్‌వే ఆరో సీజన్ 2009 ఆగస్టుదాకా ప్రసారం కాలేదు. ఫైనల్ చేరినవాళ్లు 2009 ఫిబ్రవరిలో న్యూయార్క్ ఫ్యాషన్ వీక్‌లో తమ బట్టలు చూపించారు గానీ, అవి ఎవరివో చెప్పడానికి వీల్లేదు. జీవితంలో అతి పెద్ద రోజున పేరు చెప్పుకోలేకపోయారు. నోరు మూసుకుని ఉండమన్న ప్రతి నెలకూ భత్యం ఇవ్వండి. ఆరు నెలల్లో ప్రసారం చేయకపోతే ఆ షరతు దానంతటదే రద్దు కావాలి.

క్రిస్టియన్ సిరియానో 2008లో ఆ పోటీ గెలిచి, పెద్ద డిజైనరై, 2019లో అదే షోకు గురువుగా తిరిగి వచ్చారని మీరంటారు. నిజమే, సంతోషం. ఓడిన పదిమందికీ చేసిన పనికి కూలి ముట్టాలన్నదే మేము అడిగేది.

ఫ్యాషన్ పోటీకి తెలుగులో ఎంపికలు ప్రకటించిన రోజే, దాని ఒప్పందం పూర్తి పాఠాన్ని తెలుగులో బయటపెట్టాలి. సంతకానికి ముందు వకీలుకు చూపించుకోవడానికి పదిహేను రోజులు గడువివ్వాలి. మా ప్రతినిధులను చర్చకు పిలిచి, పై షరతులను ఆ ఒప్పందంలో చేర్చవలసిందిగా ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
కటింగ్ మాస్టర్లు, దర్జీలు, మగ్గం వర్క్ చేసేవారు, ఫ్యాషన్ డిజైన్ విద్యార్థులు
(సంతకాల పత్రాలు జతచేయడమైనది)