ఒక్క అక్షరం ఎక్కువైతే...

మొన్నామధ్య మా అమ్మాయికి జ్వరమొస్తే క్లాస్ టీచరుకి లీవ్ లెటర్ రాశాను. తొందరలో ‘షి డిడ్ నాట్ స్లెప్ట్’ అని రాసేశాను. డిగ్రీ చదివినదాన్నే! ఆ కాగితం ‘స్లెప్ట్’ చుట్టూ ఎర్రసిరా సున్నాతో తిరిగొచ్చింది. ‘‘ఈసారి నుంచి నాన్న రాస్తార్లే అమ్మా’’ అంది పిల్ల. జ్వరం తగ్గిందా అని మాత్రం ఆ కాగితం మీద ఎవరూ అడగలేదు.

తప్పు తప్పే, కాదనను. కానీ అదెక్కణ్ణుంచి వచ్చిందా అని ఆలోచించాను. మన ‘నిద్రపోలేదు’లో జరిగిపోయిన కాలమూ, కాదనడమూ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. ఇంగ్లీషులో ఆ కాలాన్ని ‘డిడ్’ మోస్తుంది, కాబట్టి పక్కన ‘స్లీప్’ చాలు. మనకేమో జరిగిపోయినదానికి జరిగిపోయిన మాటే రాయాలనిపిస్తుంది. ‘డిస్కస్ ఎబౌట్’ కూడా అంతే. మనం దేన్ని ‘గురించి’ అయినా చర్చిస్తాం, ఆ ‘గురించి’ని ఇంగ్లీషులోకీ వెంటబెట్టుకెళతాం. డిస్కస్‌కి అది అక్కర్లేదు. ఇక ‘లూజ్’, ‘లూస్’ సంగతి సరేసరి. ఒక ‘ఓ’ ఎక్కువైతే పర్సు పోగొట్టుకోవడం కాస్తా వదులు చేసుకోవడమవుతుంది! ఇందులో ఇంగ్లీషు మాతృభాషైన వాళ్ళే తడబడుతుంటారు.

స్పెల్లింగులైతే మరీనూ. అప్పు అనే అర్థమున్న ‘డెట్’లో పలకని ‘బి’ ఒకటుంది. ఒకప్పుడు వాళ్ళూ అది లేకుండానే రాసేవారు. లాటిన్ మాటలో ఉంది కదా అని పండితులు తెచ్చి ఇరికించారు. ‘ఐలండ్’లో ‘ఎస్’ ఇంకా విచిత్రం. ఆ మాటకి లాటిన్‌తో చుట్టరికమే లేదు, ఉందనుకుని 16వ శతాబ్దంలో తగిలించారు. పండితుల పొరపాటేమో స్పెల్లింగయి కూచుంది, నాదేమో ఎర్రసున్నా అయింది.

అసలు నా మనసు చివుక్కుమన్నది ఇంకోచోట. ఇదే పిల్ల వాళ్ళమ్మమ్మకి తెలుగులో నాలుగు వాక్యాలు రాస్తే ‘ళ’లన్నీ ‘ల’లే, ఒత్తులు ఎక్కడివక్కడే మాయం. ‘‘ఇంగ్లీష్ మీడియం కదా, ఎలా వస్తుంది!’’ అని మావారు మురిసిపోయారు. నేనూ నవ్వేశాను, దాచడమెందుకు? అప్పుడు ఎర్రసిరా ఎవరికీ గుర్తుకు రాలేదు.

పోయిన వారం మళ్ళీ లీవ్ లెటర్ అవసరమైంది. మావారు ఇంట్లోనే ఉన్నారు, అయినా నేనే రాశాను. పిల్లని పక్కన కూచోబెట్టుకుని, తప్పుంటే చెప్పమన్నాను. ‘అంటిల్’లో ఒక ‘ఎల్’ ఎక్కువైందంది. కొట్టేసి, కింద సంతకం పెట్టాను.