పుర్రచేతి పిల్లల్ని కుడికి తిప్పడం ఆపండి



ఎన్‌సీసీ క్యాంపులు మొదలయ్యాయంటే మన గ్రూపులో ఫైరింగ్ ఫొటోలు వరసగా వస్తాయి. చూసి సంతోషిస్తాం. కానీ ఆ ఫొటోల్లో ఒక విషయం గమనించారా? పడుకుని కాలుస్తున్న పిల్లలందరికీ బట్ కుడి భుజానికే ఉంటుంది. పది మందిలో సుమారు ఒకరు పుర్రచేతి వాటం వాళ్ళు అంటారు. ముప్పై మంది బ్యాచ్‌లో ఆ ముగ్గురు ఏమయ్యారు? ఎక్కడికీ పోలేదు. అదే వరసలో కుడి చేత్తో పడుకుని, తలలు వంకర పెట్టి, గుళ్ళు గడ్డిలోకి పంపిస్తున్నారు. తర్వాత "నాకు షూటింగ్ రాదు అన్నా" అని వాళ్ళే చెప్తారు.

నా అభిప్రాయం మొదటే చెప్తా. కన్ను పరీక్షించకుండా పుర్రచేతి వాళ్ళను కుడికి తిప్పడం తప్పు. వచ్చే ప్రతిభను మొదటి రోజే పోగొట్టుకుంటున్నాం.

మన తాతల విల్లునే చూడండి. వెదురు బద్దతో చేసిన విల్లుకి కుడి ఎడమలు లేవు. బాణం పిడికిలి మీద ఆనుతుంది, ఏ చేత్తో లాగేవాడు ఆ చేత్తో లాగుతాడు. పుర్రచేతి వేటగాణ్ణి ఎవరూ "చెయ్యి మార్చు" అనలేదు. ఫ్యాక్టరీ సామాను వచ్చాకే ఈ సమస్య మొదలైంది. పోటీల్లో వాడే రికర్వ్ విల్లులో కిటికీలా కోసిన భాగం ఒక పక్కకే ఉంటుంది, అందుకే అందులో కుడి విల్లు వేరు, ఎడమ విల్లు వేరు. రైఫిల్ కూడా అంతే. విలువిద్య కోచ్‌లు ఎడమ విల్లు కావాలని అడగడం నేర్చుకున్నారు. రైఫిల్ దగ్గరకొచ్చేసరికి మనం ఇంకా అడగడం లేదు.

ముందు కన్ను సంగతి. రాసే చేతికంటే చూసే కన్ను ముఖ్యం. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు కలిపి మధ్యలో చిన్న సందు వదలండి. ఆ సందులోంచి దూరంగా ఉన్న ఒక చెట్టు మొదలునో, గోడ మీద గడియారాన్నో రెండు కళ్ళతో చూడండి. ఇప్పుడు ఒక కన్ను మూయండి. వస్తువు సందులోనే ఉంటే, తెరిచి ఉన్న కన్నే మీ ప్రధాన కన్ను. పక్కకు జరిగిపోతే మూసిన కన్ను ప్రధానం. రెండు మూడు సార్లు చేస్తే అనుమానం ఉండదు. పైసా ఖర్చు లేదు, ఒక్కొక్కరికి నిమిషం పట్టదు. అయినా క్యాంపుల్లో చెయ్యరు.

ఎడమ చెయ్యి, ఎడమ కన్ను రెండూ కలిస్తే ఆలోచించే పనే లేదు, ఎడమ భుజమే. చెయ్యి కుడి, కన్ను ఎడమ అయినవాళ్ళు కూడా చాలామంది ఉంటారు. వాళ్ళు కొత్తగా నేర్చుకుంటుంటే ఎడమ భుజం మీద ఒకసారి ప్రయత్నించి చూడమనే నా సలహా. ట్రిగ్గర్ నొక్కడం ఏ వేలైనా కొన్ని వారాల్లో నేర్చుకుంటుంది, కన్ను మాత్రం అంత తొందరగా మారదు. ఇప్పటికే ఏళ్ళుగా కుడి నుంచి బాగా కాలుస్తున్నవాళ్ళు మార్చాల్సిన పని లేదు. ఎడమ కన్ను ముందు చిన్న అడ్డు పెట్టుకుంటే చాలు. పోటీ నియమాల్లో 30 మిల్లీమీటర్ల వెడల్పు దాకా దానికి అనుమతి ఉంది. కన్ను గట్టిగా మూసుకుంటే రెండో కన్ను కూడా అలిసిపోతుంది కాబట్టి అడ్డే మంచిది.

ఇక ఉస్తాద్‌లు చెప్పే కారణాలు. అన్నీ కొట్టిపారేసేవి కావు. క్యాంపులో ఇచ్చే .22 రైఫిల్ బోల్టు కుడి పక్కనే ఉంటుంది, ఎడమ భుజం వాళ్ళకి అందదు అంటారు. నిజమే. కానీ అది ఒక్కొక్క గుండు పెట్టి నిదానంగా కాల్చే రైఫిల్. ముందు ఇసుక బస్తా ఆసరా ఉంటే, ఎడమ చెయ్యి పట్టు వదలకుండా కుడి చేత్తోనే బోల్టు తెరిచి మూయొచ్చు. నాలుగు సార్లు ఖాళీ రైఫిల్‌తో చేయిస్తే వచ్చేస్తుంది. వరస చెడిపోతుంది అనేది ఇంకో మాట. ఇందులో కొంత న్యాయం ఉంది. కుడి వాళ్ళు పడుకుంటే కాళ్ళు ఎడమకు వాలతాయి, ఎడమ వాళ్ళ కాళ్ళు కుడికి వాలతాయి. వరస మధ్యలో పడుకోబెడితే కుడి పక్కవాడి కాళ్ళకు తగులుతాయి. అందుకని పుర్రచేతి వాళ్ళను కుడి చివర లేన్‌లో పెడితే సరిపోతుంది. ఖాళీ తొడుగులు కూడా ఆ ఖాళీ పక్కకే పడతాయి.

మూడో కారణం కొంచెం బలమైనది. రేపు కానిస్టేబుల్‌గానో, అగ్నివీర్‌గానో వెళ్తే అక్కడ ఏ ఆయుధం ఇస్తే అదే వాడాలి కదా, ఇప్పుడే అలవాటు చేస్తే మంచిది అంటారు. తనంతట తాను గుళ్ళు మార్చుకునే ఆయుధాల్లో ఖాళీ తొడుగు కుడివైపు ఎగురుతుంది, ఎడమ భుజం మీద పెడితే ముఖానికి దగ్గరగా పోతుంది, కళ్ళద్దాలు లేకుండా ఆ పని చెయ్యకూడదు. ఒప్పుకుంటా. ఉద్యోగంలో చేరాక అక్కడి శిక్షణ అక్కడ చూసుకుంటారు. గురి అంటే ఏంటో, ఊపిరి ఎక్కడ ఆపాలో, ట్రిగ్గర్ ఎలా పిండాలో ఇప్పుడే మొదటిసారి నేర్చుకునే పదహారేళ్ళ పిల్లకి దాన్ని ఇప్పుడే రుద్దడం ఎందుకు?

ఆటగా తీసుకోవాలనుకునేవాళ్ళకి అసలు దారి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది దీంట్లోనే. గుళిక 4.5 మిల్లీమీటర్లు, టార్గెట్ మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. అరవై షాట్లు, నిలబడే కాల్చాలి. రైఫిల్ బరువు 5.5 కిలోలు దాటకూడదు. ఇంత సన్నని పనిలో రైఫిల్ ఒంటికి సరిపోకపోతే ఎంత సాధన చేసినా అక్కడే ఆగిపోతాం.

కుడివాళ్ళ కోసం చెక్కిన కర్రలో పిడి కుడి అరచేతికి ఆనేలా, బొటనవేలికి చోటు ఉండేలా ఉబ్బెత్తుగా ఉంటుంది. చెంప ఆనించే దిమ్మ ఎడమ పక్కకు ఉబ్బి ఉంటుంది. పుర్రచేతివాళ్ళు కుడి పక్కన ఎడమ చెంప పెట్టాలి, అక్కడ ఆనడానికి ఏమీ ఉండదు. అప్పుడు మెడ వంచి తలను సైట్ వెనకకి తెచ్చుకుంటారు. ఇరవై షాట్ల తర్వాత మెడ పట్టేస్తుంది, కన్ను ప్రతిసారీ ఒక్కచోట ఉండదు, గుళికలు చెల్లాచెదురు అవుతాయి. కోచ్ ఏమో "ఏకాగ్రత లేదు" అంటాడు.

కాబట్టి కొనేటప్పుడు గానీ, అకాడమీలో తీసుకునేటప్పుడు గానీ మూడు అడగండి: పిడి ఎడమది దొరుకుతుందా, చెంప దిమ్మ రెండో పక్కకు జరుగుతుందా, గుళిక పెట్టే లీవర్ ఎటు ఉంది. ఇప్పటి అల్యూమినియం స్టాక్ రైఫిళ్ళు కొన్నింటిలో పిడి ఒక్కటి మారిస్తే మిగతా అంతా సర్దుకుంటుంది. బయటి దేశం మ్యాచ్ రైఫిళ్ళు లక్షల్లో ఉంటాయి, మన దేశంలో చేసేవి అంతకంటే చాలా తక్కువ. మొదటి ఏడాది సొంతంగా కొనకండి. జాకెట్ సంగతి మాత్రం మర్చిపోవద్దు. షూటింగ్ జాకెట్ కూడా కుడివాళ్ళకి, ఎడమవాళ్ళకి వేరు వేరుగా కుడతారు, గ్లోవ్ కుడి చేతిది కావాలి. సీనియర్లు వాడి వదిలేసిన జాకెట్ ఇస్తారు చూడండి, అది దాదాపు ఎప్పుడూ కుడిదే.

సర్దుకోవడం ఇలా. కుడి పక్క టార్గెట్ వైపు, కుడి మోచెయ్యి కుడి తుంటి ఎముక మీద, బట్ ఎడమ భుజంలో. ముందు బట్ పొడవు చూసుకోండి, మెడ చాచకుండా తల నిటారుగా ఉండాలి. తర్వాత చెంప దిమ్మ ఎత్తు. కళ్ళు మూసుకుని చెంప ఆనించి, తెరిచినప్పుడు వెనక సైట్ రంధ్రంలో ముందు సైట్ గుండ్రంగా కనిపించాలి. కనిపించకపోతే దిమ్మను మార్చండి, తలను కాదు. గురి పక్కకు పోతే చేతులతో లాగకండి, పాదాలు జరపండి. ఇవన్నీ అయ్యాకే సైట్ క్లిక్కులు. క్లిక్కులకు చేతివాటంతో సంబంధం లేదు, గుళిక ఎడమకు పడితే వెనక సైట్ కుడికి, అంతే.

ఒక జాగ్రత్త, మన ప్రాంతాలకు ప్రత్యేకంగా. 4.5 మిల్లీమీటర్ల కంటే లావు కాని, 20 జౌళ్ళు మించని ఎయిర్ రైఫిల్‌కు ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. .22కి కావాలి. లైసెన్సు అక్కర్లేదు కదా అని సంచి లేకుండా భుజాన వేసుకుని ఏజెన్సీ రోడ్డు మీద బస్సు ఎక్కకండి. దూరం నుంచి చూసేవాళ్ళకి అది ఎయిర్ రైఫిల్ అని తెలియదు. మూసిన కేసులో పెట్టి, రసీదు, గుర్తింపు కార్డు, కోచ్ ఉత్తరం దగ్గర పెట్టుకోండి. దాన్ని అడవిలోకి పిట్టల కోసం తీసుకెళ్ళే తమ్ముళ్ళకు చెప్తున్నా, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు పడితే ఉద్యోగం వెరిఫికేషన్ దగ్గర పేచీ వస్తుంది.

రేంజ్ ఎక్కడుంది అని అడుగుతారు. మంచిది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో ఉంది, భద్రాచలం నుంచి దాదాపు 300 కిలోమీటర్లు. అందరూ వెళ్ళలేరు. కానీ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి ఒక పొడవాటి గది, గుళికల్ని ఆపే గట్టి అడ్డు, తలుపుకి తాళం, చూసుకునే మనిషి ఉంటే చాలు. మన గురుకులాల్లో అలాంటి గదులు లేవా? క్రీడా సామాను కోసం ఇండెంట్ పెట్టేటప్పుడు రైఫిళ్ళతో పాటు ఒక్క ఎడమ పిడి, ఒక్క ఎడమ జాకెట్ రాయమని మన సంఘం తరఫున అడుగుదాం. మొత్తం ఖర్చులో అది చాలా చిన్న ముక్క.

ఈ నెల క్యాంపులకి వెళ్తున్న సీనియర్ క్యాడెట్లు మొదటి రాత్రి బ్యారక్‌లోనే మీ జూనియర్లకి ఆ అరచేతుల పరీక్ష పెట్టండి. ఎడమ కన్ను వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని, ఫైరింగ్ రోజు కంటే ముందే ఉస్తాద్‌కి మర్యాదగా ఇవ్వండి, కుడి చివర లేన్ అడగండి. ఎంతమంది తేలారో, ఉస్తాద్ ఏమన్నారో కింద రాయండి. ఆ లెక్క చేతిలో ఉంటే హాస్టల్ వార్డెన్ దగ్గరకి వెళ్ళి మాట్లాడటం తేలిక.