డిస్క్ మార్చే ముందు విత్తనం దాచండి

ల్యాప్‌టాప్ స్విచ్ నొక్కి, పొయ్యి మీద టీ పెట్టి, తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెర మీద ఇంకా చక్రం తిరుగుతూనే ఉందా? "ఇది పాతదైపోయింది, కొత్తది కొనండి" అని పిల్లలు పోరు పెడుతున్నారా? తొందరపడకండి. ఏడెనిమిదేళ్ళ కిందటి ల్యాప్‌టాప్ అయితే, ఆ నెమ్మదితనం చాలావరకు లోపలి హార్డ్ డిస్క్‌దే. అదొక్కటి తీసి ఎస్.ఎస్.డి. వేయిస్తే అదే ల్యాప్‌టాప్ మళ్ళీ చురుగ్గా లేస్తుంది.

తేడా ఏమిటంటారా? హార్డ్ డిస్క్‌లో నున్నటి పళ్ళేలు తిరుగుతుంటాయి. ల్యాప్‌టాప్‌లలో వాడేవి ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి. వాటి మీదుగా ఒక సన్నని చేయి అటూ ఇటూ కదులుతూ మీరు అడిగింది వెతికి తేవాలి. ఎస్.ఎస్.డి.లో తిరిగేదీ లేదు, కదిలేదీ లేదు. అంతా చిప్పుల్లోనే. అందుకే అడగ్గానే అందిస్తుంది.

ఇక అసలు మాటకు వద్దాం. మన కమ్మర్‌పల్లి పసుపుకు పేరున్న ఊరు, పసుపు పరిశోధన కేంద్రమే ఉంది అక్కడ. పసుపు తవ్విన ఇంట్లో మొత్తం ఉడకబెట్టేస్తారా? వచ్చే వానాకాలానికి విత్తనం తీసి నీడలో దాచాకే పొయ్యి వెలిగిస్తారు. ఎందుకంటే ఉడికిన కొమ్ము మళ్ళీ మొలకెత్తదు. డిస్క్ మార్చడం కూడా అంతే. ముందు విత్తనం, తర్వాతే పొయ్యి.

ఆ పాత డిస్క్‌లో ఏముందో ఒక్కసారి తలుచుకోండి. దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న ఇంటాయన సెలవుకు వచ్చినప్పటి ఫొటోలు, ఆయన పాస్‌పోర్టు కాపీ, కంపెనీ కాగితాలు, బిడ్డ తొలి అడుగుల వీడియో, పోయిన అత్తమ్మ గొంతు. కొత్త డిస్క్ బజార్లో దొరుకుతుంది. ఇవి దొరకవు.

కాబట్టి ముందుగా అన్నిటినీ బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. "కాపీ అయింది" అన్న మాటతో తృప్తి పడకండి. నాలుగు ఫొటోలు, ఒక వీడియో వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. పాత డిస్క్ టకటకమని చప్పుడు చేస్తుంటే మాటిమాటికీ ఆన్ చేసి చూడకండి, ముందు ముఖ్యమైనవి బయటికి తీయించండి. బిట్‌లాకర్ తాళం ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

కొనేటప్పుడు ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరు రాసుకుని వెళ్ళండి. పాతవాటిలో 2.5 అంగుళాల డిస్క్ ఉంటుంది. తర్వాతివాటిలో చూయింగ్‌గమ్ ముక్కలా సన్నగా ఉండే ఎం.2 రకం. అందులోనూ సాటా, ఎన్.వి.ఎం.ఇ. అని రెండు. చూడ్డానికి అక్కచెల్లెళ్ళలా ఉన్నా ఒకదాని చోట ఇంకొకటి పనిచేయకపోవచ్చు. కొన్ని పల్చటి ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌ను బోర్డుకే అతికించేస్తారు, అవి మార్చడానికి కుదరదు. ఇంకొకటి, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. మీ ల్యాప్‌టాప్ విండోస్ 11 తీసుకుంటుందో లేదో అడిగాకే డబ్బు తీయండి. తీసుకోకపోతే లినక్స్ వేసుకోవచ్చు, పిల్లల చదువుకు అది చాలు.

ఇంట్లోనే మార్చే ధైర్యం ఉంటే పని పెద్దదేమీ కాదు. పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసేయండి. బ్యాటరీ బయటికి వచ్చేదైతే తీయండి, లోపలిదైతే మూత విప్పగానే ముందు దాని వైరు ఊడదీయండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ముట్టుకోకుండా మెకానిక్‌కే చూపించండి. ఏదైనా ఇనుప వస్తువును ఒకసారి తాకి, ఒంట్లోని కరెంటు వదిలించుకుని డిస్క్ పట్టుకోండి. పాత డిస్క్ చుట్టూ ఉన్న చట్రాన్ని విప్పి కొత్తదానికి బిగించి, నెమ్మదిగా లోపలికి తోయండి. బలవంతం వద్దు. తర్వాత విండోస్ ఎక్కించుకోవాలి.

దుకాణంలో మార్పిస్తే పాత డిస్క్‌ను తప్పకుండా అడిగి తెచ్చుకోండి. అది మీ సొమ్ము. "చెడిపోయిందిగా, ఏం చేసుకుంటారమ్మా" అన్నా వదలొద్దు. డిలీట్ చేసిన ఫొటోలను కూడా తిరిగి తీసే సాఫ్ట్‌వేర్లున్నాయి. మన ఇంటి ఆడపిల్లల ఫొటోలు ఎవరి చేతికో ఎందుకు పోవాలి? ఒక నెల భద్రంగా ఉంచి, ఏదీ తప్పిపోలేదని తేలాక, బాగున్న డిస్క్ అయితే యు.ఎస్.బి. డబ్బాలో పెట్టి దాచుకోవడానికి వాడుకోండి. పాత సామాన్లవాడికి మాత్రం వేయకండి.

ఈ వారం చిట్కా: ల్యాప్‌టాప్ స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించండి. బిగించేటప్పుడు ముగ్గు చుక్కలు కలిపినంత తేలిక.